ఆరతి అయ్యేదాకా

ఆయుధపూజ నాడు మిల్లులో ఎలా నడుచుకోవాలో మాకు ఎవరూ రాసివ్వలేదు. పాతవాళ్ళను చూసి కొత్తవాళ్ళు నేర్చుకుంటారు, నేర్చుకోనివాళ్ళు నవ్వులపాలవుతారు. సావుకారు కారు గేటు దాటేసరికి అందరం వరండాలో ఉండాలి. ఆయన కూర్చునేదాకా కుర్చీ వైపు చూడకూడదు. కొత్త బట్టలు కట్టుకోవాలి, కాని సావుకారమ్మ చీరకంటే మెరిసేది కట్టుకోకూడదు. ఫలహారం బాగుందనాలి, ఇంకొంచెం పెట్టమనకూడదు. స్వీటు పెట్టె ఇస్తే రెండు చేతులా అందుకోవాలి తప్ప, అక్కడే మూత తీసి లోపల కాజూ బర్ఫీ ఉందా బేసన్ లడ్డూ ఉందా అని చూడకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా ఆ పూట జబ్బు మాట, చావు మాట, జీతం మాట ఎత్తకూడదు. ఎట్లున్నవమ్మా అని సావుకారు అడిగితే, పంటి నొప్పితో దవడ బూరెలా వాచి ఉన్నా సరే, మీ దయ సార్, మంచిగున్న అనాలి. నేను ఏళ్ళ తరబడి అలాగే అన్నాను. ఆ మాట అనడంలో నాకంటే నేర్పరి మా మిల్లులో ఇంకొకరు లేరు.

మాది పత్తి జిన్నింగు మిల్లు. రాయచూరు నుంచి హైదరాబాదు పోయే రోడ్డు మీద యరమరస్ దాటాక వస్తుంది. రైతులు తెచ్చిన పత్తిలోంచి గింజ వేరు చేసి, దూదిని ప్రెస్సులో బేళ్ళుగా బిగించి లారీలకు ఎక్కిస్తారు. నేను ఆఫీసులో బిల్లులు చూస్తాను. ఎండాకాలం నుంచి మూతపడి ఉండే మిల్లు దసరాకు తెరుచుకుంటుంది. ఎవరిని పనిలోకి తీసుకున్నారో చెప్పే కాగితం ఏదీ ఉండదు. ఆయుధపూజ నాడు సావుకారు తన చేత్తో స్వీటు పెట్టె ఇచ్చాడంటే ఆ సీజనుకు పని ఉన్నట్టు. ఒక ఏడాది కాంటా దగ్గర బరువు తూచే ఆయన, కూతురి పురుడని పూజకు రాలేదు. పండుగ తర్వాత వచ్చి చూస్తే ఆయన కుర్చీలో వేరే మనిషి కూర్చుని ఉన్నాడు. ఆయన్ను ఎవరూ పొమ్మనలేదు. కాసేపు నిలబడి, అందరికీ నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

పూజకు ఎవరి పనిముట్టు వాళ్ళు దేవి ముందు పెట్టాలి. మెకానిక్కులు స్పానర్లు పెడతారు, కాంటా దగ్గర వాళ్ళు తూకపు రాళ్ళు పెడతారు, మేము ఆఫీసు వాళ్ళం క్యాలిక్యులేటర్లు, కీబోర్డులు పెడతాం. ఈమధ్య ఏళ్ళలో మొబైలు ఫోన్లు కూడా వచ్చి చేరాయి. ఫోను లేనిదే ఇప్పుడు ఎవరి పనీ నడవదు కనుక అదీ ఆయుధమే. పసుపూ కుంకుమా పెట్టి, మీద ఒక చేమంతి పువ్వు ఉంచుతారు. అలా పెట్టిన వస్తువును ఆరతి అయి, గుమ్మడికాయ కొట్టేదాకా ముట్టకూడదు. ఆ పూట వాటికి విశ్రాంతి. అందుకే ఆ రోజు మధ్యాహ్నం దాకా మా ఊళ్ళో సగం మందికి ఫోను చేసినా ఎత్తరు. ఎందుకు ఎత్తలేదని తర్వాత ఎవరూ నిష్ఠూరమాడరు కూడా.

ఆ ఏడాది పండుగకు మా అక్క దవాఖానలో ఉంది.

అక్క గురించి చెప్పాలంటే, నాకు అమ్మ మొహం గుర్తు లేదు, అక్క మొహమే గుర్తు. నాకు జడ వేసింది, వీపు మీద దెబ్బ వేసింది, ఆడపిల్లకు కాలేజీ ఎందుకని నాయన అంటే ఒంటికాలి మీద లేచి పోట్లాడి నన్ను బీకాం చదివించింది ఆమే. తనకు పిల్లలు కలగలేదు. నన్ను అడిగితే కలిగారనే చెబుతాను. బావ మాన్వి తాలూకా ఆఫీసులో జవానుగా చేసి రిటైరయ్యాక ఇద్దరూ రాయచూరుకే వచ్చి మా పక్క వీధిలో ఇల్లు తీసుకున్నారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నన్ను తిట్టకపోతే ఆమెకు తిన్నది అరిగేది కాదు.

ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందని స్టేషను రోడ్డులో ఒక ప్రైవేటు దవాఖానలో చేర్చాం. మొదట్లో భయపడ్డాం గాని, తర్వాత తేరుకుంది. ఇడ్లీ తింది. దుప్పటి ముతక వాసన వస్తోందని నర్సుతో గొడవ పెట్టుకుంది. గొడవ పడుతోందంటే బాగైనట్టేనని బావ నవ్వాడు. పండుగ కాగానే ఇంటికి పంపుతామని డాక్టరు చెప్పాడు. ఆయుధపూజ నాటి పొద్దున నేను ఆమె పక్కనే కూర్చుని, ఈసారి పోను అన్నాను.

"పోకుంటె ఎట్లనే?" అంది. "పెట్టె ఎవడిస్తడు నీకు? సీజనంత ఇంట్ల కూసోని నా మొకం చూస్తవా?"

"నీ తబియత్ మంచిగ లేదు గద అక్కా."

"నాకేమైంది? మీ బావ ఉండు గద ఈడ. పచ్చ చీర కట్టుకో. ఆ నల్లంచుది కట్టుకోకు, దయ్యం లెక్క కనపడ్తవ్."

"ఆరతి కాంగనె వస్త."

"జల్దీ రా మరి" అంది. నా చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కింది. ఎప్పుడూ అలా నొక్కే మనిషి కాదు.

పండుగ ముందు యంత్రాలు తిప్పి చూస్తుంటే ఆ చప్పుడులో ఫోను మోగినా వినబడదు. అందుకని అక్కను చేర్చిన రోజే మా మేనేజరు సారు నంబరు బావకు ఇచ్చి పెట్టాను. నేను ఎత్తకపోతే ఆయనకు చేయమన్నాను. ఆయన మాట గట్టిగా మాట్లాడని మనిషి. నేను పనిలో చేరిన కొత్తలో తప్పులు చేస్తే అందరి ముందూ అనకుండా, పక్కకు పిలిచి దిద్దేవాడు. మిల్లులో నేను పూర్తిగా నమ్మిన మనిషి ఎవరంటే ఆయన పేరే చెప్పేదాన్ని.

ఆ ఏడాది కొత్త ప్రెస్సు యంత్రం వచ్చింది. దాన్ని అరటి పిలకలతో, బంతిపూల దండలతో పెళ్ళికూతురిలా ముస్తాబు చేశారు. ఎప్పుడూ రాని సావుకారమ్మ కూడా వచ్చింది. ఆరతి ఇద్దరు ముత్తైదువలు కలిసి పట్టాలి. ఒకవైపు సావుకారమ్మ, రెండోవైపు నేను. ఆఫీసులో నేను కాక ఉన్న ఆడపిల్ల కంప్యూటరు మీద పనిచేసే అమ్మాయి ఒక్కతే, ఆమెకు ఇంకా పెళ్ళి కాలేదు. సావుకారమ్మతో కలిసి పళ్ళెం పట్టడమంటే మా మిల్లులో చిన్న మర్యాద కాదు. దాచడమెందుకు, నాకూ లోపల సంబరంగానే ఉంది.

పూజ చేయించే అయ్యగారు ఆలస్యం చేశారు. ఊళ్ళో ఆ రోజు ఆయన కోసం ఎన్ని దుకాణాలు ఎదురుచూస్తున్నాయో. అందరి ఫోన్లూ అప్పటికే దేవి ముందు కుంకుమ పూసుకుని కూర్చున్నాయి. మేనేజరు సారు ఫోను మాత్రం ఆయన జేబులోనే ఉంది, అయ్యగారు ఎక్కడిదాకా వచ్చారో కనుక్కుంటూ ఉండాలి కదా. నేను పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళు పళ్ళెంలో పోసి వత్తులు సరిచేస్తున్నాను. మేనేజరు సారు ఫోను జేబులో పెట్టుకుంటూ తన గదిలోంచి బయటికి వచ్చాడు. దస్తీతో మూతి తుడుచుకున్నాడు. నా వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

"అయ్యగారు వస్తున్నరా సార్?" అని అడిగాను.

"వస్తున్నరమ్మా. నువ్వు పళ్ళెం తయ్యారు చెయ్యి."

ఆయనకు వచ్చిన ఫోను అయ్యగారిది కాదు, మా బావది. అక్కకు ఉన్నట్టుండి ఊపిరి అందడం లేదని, డాక్టర్లు ఆశ లేదంటున్నారని, ఆమె నన్ను అడుగుతోందని, వెంటనే పంపమని బావ చెప్పాడు. మేనేజరు సారు పంపిస్తున్నానన్నాడు. అలా అని వచ్చి, నాతో పళ్ళెం తయారు చేయమన్నాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

అయ్యగారు వచ్చారు, పూజ మొదలైంది. సావుకారు చుట్టూ చూసి "ఎల్లరూ బందరేను?" అని కన్నడంలో అడిగాడు. అందరం వచ్చామన్నట్టు తలలూపాం. సావుకారమ్మకు ప్రతి యంత్రానికీ విడిగా కుంకుమ పెట్టాలని ముచ్చట. ఫొటోలు తీసే అతను ప్రతిచోటా ఆపి "స్వల్ప నగ్రి మేడం" అంటూ మమ్మల్ని నవ్వించాడు. నేను నవ్వాను. ఆ ఫొటోలు ఇప్పటికీ ఆఫీసు గోడ మీద ఉన్నాయి, అందులో నేను పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ ఉంటాను. మంగళారతి పాట ఎవరు పాడతారని అడిగితే సావుకారమ్మ నా వైపు చూసింది. పాడాను, గొంతెత్తి అన్ని చరణాలూ పాడాను. అక్క నేర్పిన పాటే అది.

బయట గుమ్మడికాయ కొట్టారు. కుంకుమ నీళ్ళు గచ్చంతా ఎర్రగా చింది నా చీర అంచు మీద కూడా పడ్డాయి. మండక్కి బొరుగులు, మిర్చి బజ్జీలు పంచారు. ఆ తర్వాత పెట్టెలు. మామూలుగా మెకానిక్కులకు ముందు ఇచ్చి ఆఫీసు వాళ్ళకు చివర ఇస్తారు. ఆ రోజు మేనేజరు సారు నన్ను పిలిచి వరసలో అందరికంటే ముందు నిలబెట్టాడు. సావుకారమ్మతో ఆరతి పట్టినందుకు ఆ మర్యాద అనుకున్నాను. సావుకారు పెట్టె ఇస్తూ ఎట్లున్నవమ్మా అన్నాడు. మంచిగున్న సార్ అన్నాను.

పెట్టె నా చేతిలో పడ్డాక మేనేజరు సారు నన్ను వరండా చివరికి తీసుకుపోయాడు. గొంతు తగ్గించి చెప్పాడు.

"కారు పెట్టించినమ్మా. దవాఖానకు పో. మీ బావ ఫోన్ చేసిండు, మీ అక్కకు జర సీరియస్ ఉన్నదంట."

"ఎప్పుడు చేసిండు?"

"ఇందాక."

పరుగెత్తి దేవి ముందున్న నా ఫోను తీసుకున్నాను. పువ్వు తీసి పారేసి, కుంకుమ కొంగుతో తుడిస్తే తెర నిండా బావ చేసిన కాల్స్ కనిపించాయి, ఒకదాని కింద ఒకటి. మా ఆయనకు చేశాను, ఎత్తలేదు. ఆయనది బ్యాటరీల దుకాణం. అక్కడ కూడా పూజే, ఆయన ఫోను కూడా బ్యాటరీల పక్కన పువ్వు పెట్టుకుని ఉంటుంది. బావ ఆయనకూ చేసి చేసి ఉంటాడు.

కారుకు అప్పుడే పూజ చేశారు. చక్రాల కింద నిమ్మకాయలు, ముందు అద్దానికి అడ్డంగా పూలదండ, రెండువైపులా అరటి పిలకలు. డ్రైవరు నిమ్మకాయలు నలిగేలా నెమ్మదిగా ముందుకు పోనిచ్చాడు. యరమరస్ నుంచి ఊళ్ళోకి ఎంత దూరమని, మామూలు రోజైతే పావుగంటలో వచ్చేస్తాం. ఆ రోజు రోడ్డు పొడుగునా పూజలే. ట్రాక్టర్లు, లారీలు, ఆటోలు, ఆకుపచ్చటి అరటి కొమ్మలు కట్టుకున్న బస్సులు. పగిలిన గుమ్మడికాయలు తొక్కుకుంటూ బండ్లు మెల్లగా కదులుతున్నాయి. ఒక గ్యారేజీ ముందు లారీకి ఆరతి ఇస్తూ రోడ్డుకు అడ్డంగా నిలబడ్డారు. డ్రైవరు కారు ఆపాడు.

"హారన్ కొట్టు" అన్నాను.

"పూజ నడుస్తున్నది గద అక్కా. ఎట్ల కొట్టాలె?"

"మా అక్క సస్తున్నదిరా! కొట్టు!"

నేను అరిచిన అరుపుకు లారీ దగ్గర వాళ్ళు తలలు తిప్పి చూశారు. పండుగ పూట ఆ మాట అన్నందుకు ఒక పెద్దాయన మొహం చిట్లించాడు. డ్రైవరు హారన్ కొట్టలేదు. తల దించుకుని, స్టీరింగు మీద చేతులు పెట్టి, వాళ్ళు అయిందనేదాకా కూర్చున్నాడు.

దవాఖానకు చేరేసరికి బావ వార్డు బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు. అప్పుడు నాకు తెలిసిపోయింది. నా చేతిలో పెట్టె ఇంకా అలాగే ఉంది, దాన్ని కారులో వదిలి రావాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. ఎదురుగా వచ్చిన దవాఖాన ఆయమ్మ లోపలి సంగతి తెలియక, "పండగ మిఠాయా అక్కా?" అని నవ్వుతూ చెయ్యి చాచింది. ఇచ్చేశాను.

లోపల అక్క మొహం మీద దుప్పటి కప్పలేదు ఇంకా. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. చెయ్యి పట్టుకుంటే పూర్తిగా చల్లబడలేదు. మోచేతి దగ్గర వెచ్చగానే ఉంది. ఆ వెచ్చదనం తగలగానే నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. కొంచెం ముందు వచ్చి ఉంటే, ఆ గుమ్మడికాయ కంటే ముందు, ఆ ఫొటోల కంటే ముందు. నా నుదుటి నిండా మిల్లు కుంకుమ ఉంది. పచ్చ చీర మీద ఎర్రటి చుక్కలు ఉన్నాయి. ఆ వేషంతో ఆమె మీద పడి ఏడ్చాను.

బావ వెనకాల నిలబడి చెప్పాడు. "మీ సారు పంపిస్తున్న అన్నడమ్మా. నేను మీ అక్కకు చెప్పిన, వస్తున్నదంట, తొవ్వల ఉన్నదంట అని. ఇగ అప్పటిసంది తలుపు దిక్కే చూసింది. ఎవరు లోపలికొచ్చినా, అది వచ్చిందా, అది వచ్చిందా అన్నది. ఆఖరికి మాట రాకుంటె కండ్లతోని అడిగింది."

మరునాడు దసరా. ఆ రోజే మట్టి చేశాం. పండుగ నాడు చావింటికి రావడానికి జనం జంకుతారు, వాళ్ళను తప్పుపట్టను. పాడె మోయడానికి మనుషుల కోసం మా ఆయన వీధంతా తిరగాల్సి వచ్చింది. మిల్లు వాళ్ళు పండుగ దాటాక ఒకే కారులో వచ్చారు. మేనేజరు సారు కూడా వచ్చాడు. చేతులు కట్టుకుని వరసగా నిలబడ్డారు, పూజలో నిలబడ్డట్టే. మంచి మనిషి అన్నారు, బాధపడకమ్మా అన్నారు, వీలైనప్పుడే పనికి రమ్మని సావుకారు చెప్పారన్నారు. అన్నీ మర్యాద మాటలే, ఒక్కటీ తప్పు లేదు.

కంప్యూటరు అమ్మాయి మాత్రం ఇంకో రోజు ఒంటరిగా వచ్చింది. కూర్చోమంటే కూర్చోకుండా ఏడ్చేసింది.

"అక్కా, నీ ఫోన్ నేను చూసిన. అయ్యగారు రాకముందే. పువ్వు కింద వణుకుతుండె, కుంకుమ రాలుతుండె. బావ అని పేరొచ్చింది. నేను తీసి నీకిద్దామని చెయ్యి పెట్టిన. సారు అడ్డమొచ్చి ముట్టొద్దన్నడు, ఆరతి అయ్యేదాంక ఉండనియ్యి, నేను మాట్లాడిన అన్నడు. మాట్లాడిండు గద, చెప్తడు అనుకున్న."

ఆమె మీద నాకు కోపం రాలేదు. నిన్నగాక మొన్న చేరిన పిల్ల, ఆమెకూ పెట్టె కావాలి. కాని 'ఇందాక' అన్న మాట ఎంత పొడుగుదో ఆ రోజు నాకు తెలిసింది. అయ్యగారి రాక, పూజ, ఫొటోలు, పాట, గుమ్మడికాయ, ఫలహారం, పెట్టెలు అన్నీ ఆ ఒక్క మాటలో పట్టాయి. రాత్రీ పగలూ మనసులో ఆయన్ను నానా తిట్లూ తిట్టాను. అక్క దగ్గర నేర్చుకున్న తిట్లన్నీ ఆయన మీదే ఖర్చు పెట్టాను.

దినాలు అయ్యాక పనికి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండే స్థితి మాకు లేదు. దసరా దాటి రోజులైనా మా వైపు జమ్మి ఆకులు పంచుకోవడం ఇంకా సాగుతుంది. బంగారమని చేతిలో పెట్టి, చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ కాళ్ళకు మొక్కుతారు, సమానులు కౌగిలించుకుంటారు. నేను గదిలోకి అడుగు పెట్టగానే ఆకులు పట్టుకున్న చేతులు బల్లల కిందికి పోయాయి. చావింటి మనిషి ముందు పండుగ చేసుకోకూడదని వాళ్ళ మర్యాద. కొత్త ప్రెస్సు దడదడా కొట్టుకుంటూ బేళ్ళు వదులుతోంది. నేను నా కుర్చీలో కూర్చోలేదు. తిన్నగా మేనేజరు సారు గదిలోకి వెళ్ళాను.

ఆయన లేచి నిలబడ్డాడు. నన్ను కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు కాబట్టి ఆయనా కూర్చోలేదు.

"సార్, మీకు ఫోన్ అయ్యగారు రాకముందే వచ్చింది. అవునా?"

"అవునమ్మా."

"నాకెందుకు చెప్పలే?"

ఆయన బల్ల మీద ఉన్న పెన్ను అటూ ఇటూ జరిపాడు. "ఆరతి నీ చేతిల ఉండె. సావుకారమ్మ పక్కన నిలబడ్డది. కొత్త మిషన్. నీకు చెప్తె ఏడుస్తవు, ఏడ్సుకుంట పోతవు. పూజల గట్లయితే సావుకారు మనసుల పెట్టుకుంటడు. ఏడాదంత ఏది జరిగినా నీ మీదికే వస్తది. పెట్టె గూడ రాకపోతుండె. నీ మంచికే ఆలోచించినమ్మా. జర సేపట్ల ఏమైతదిలే అనుకున్న."

అందుకే నన్ను వరసలో ముందు నిలబెట్టాడన్న సంగతి అప్పుడు అర్థమైంది. పెట్టె నా చేతిలో పడితేనే నన్ను కదలనివ్వాలని ఆయన లెక్క. నాకు మేలు చేశానని నమ్ముతున్నాడు. ఆ నమ్మకం చూస్తే ఒళ్ళు మండిపోయింది.

"మీ ఇంట్లోళ్ళకైతే గిట్లనే చేస్తుంటిరా సార్?"

మాట అనేశాను. ఆ గదిలో ఆయనతో ఆ గొంతుతో ఎవరూ మాట్లాడి ఉండరు. ఆయన కోప్పడలేదు. పెన్ను పక్కన పెట్టేశాడు. తర్వాత "చేసిన" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"మా నాయన మాన్విల ఉండె గద. గిట్లనే ఆయుధపూజ. నేను దేవి ముందల నిలబడ్డ, ఫోన్ వచ్చింది. మా తమ్ముడు చేసిండు, జల్దీ రా అన్నడు. వస్తున్న అని జేబుల పెట్టుకున్న. ఆరతి కానిచ్చిన. అందరికీ పెట్టెలు ఇప్పిచ్చిన. సావుకారు కారెక్కినంక బస్టాండుకు పోయిన."

ఆయన తండ్రి దసరా నాడు పోయాడనే మాకు ఇన్నేళ్ళూ తెలుసు. ఆయనే అలా చెప్పాడు. పూజ పూట చావు కబురు వచ్చిందంటే మిల్లుకు అశుభమని, చావును మరునాటికి జరిపి చెప్పాడన్నమాట. కబురు వచ్చిన ఆ పూజ రోజు ఆయన మాకు మిర్చి బజ్జీలు వడ్డించాడు, తినండి తినండి అని కొసరి కొసరి వడ్డించాడు. నాకు ఇప్పుడూ గుర్తే.

జాలి పడవలసిన చోటే నాకు ఇంకా మండింది.

"ఆయన మీ నాయన సార్. పోవాల్నా, ఉండాల్నా, అది మీ ఇష్టం. ఈమె మా అక్క. పెట్టె కావాల్నా అక్క కావాల్నా అని నన్ను అడగాలె. మీరెట్ల చెప్తరు నా తరఫున?"

"తప్పయింది" అన్నాడు. అంత చిన్నగా అన్నాడు, బయట ప్రెస్సు చప్పుడులో సగమే వినబడింది.

ఆ ఒక్క మాట తీసుకుని వెళ్ళిపోవచ్చు. వెళ్ళబుద్ధి కాలేదు. అక్క ఎలా పోయిందో ఈయనకు తెలియాలి, తెలియకుండా ఈయన హాయిగా ఉండకూడదు అనిపించింది. అందుకే చెప్పాను.

"మీరు పంపిస్తున్న అన్నరు గద, ఆ మాట మా బావ అక్కకు చెప్పిండు. ఆమె నమ్మింది. పాణం పోయేదాంక తలుపు దిక్కే చూసింది. అది వచ్చిందా, అది వచ్చిందా అని అడిగిందంట."

ఆయన కుర్చీ వెతుక్కున్నట్టు వెనక్కి చెయ్యి పెట్టి, కూర్చుండిపోయాడు. బల్ల వైపు చూస్తూ అన్నాడు.

"మా నాయన గూడ అడిగిండంట."

ఆ మనిషిని చూస్తే నాకు జాలి వేసింది, అబద్ధం చెప్పను. కాని ఆ జాలితో అక్కకు ఒరిగేదేమీ లేదు. నేను ఆయన్ను క్షమించలేదు. ఒకే ఆఫీసులో పని చేసుకుంటున్నాం ఇప్పటికీ, రోజూ పొద్దున నమస్తే సార్ అంటాను, నమస్తేమ్మా అంటాడు.